పికో దీవి ద్రాక్షపల్లె: ఒక్కరోజు సరిపోతుందా?

సెప్టెంబరులో విజయవాడ నుంచి పోర్చుగల్ వారి అజోర్స్ దీవులకు వెళ్తున్నాం, ఫయాల్ దీవిలోని ఓర్తాలో దిగి, పక్కనున్న పికో దీవిలోని లాజీదో పల్లె చూసి సాయంత్రానికి తిరిగి రావచ్చా అని అడిగారు కదండీ. హాయిగా రావచ్చు. ఓర్తా నుంచి పికోలోని రేవు పట్టణం మదలేనాకు ఫెర్రీలో అరగంటే. అయితే సముద్రం బాగా పోటెత్తితే ఫెర్రీలు ఆపేస్తారు, కాబట్టి ఆ రాత్రికే విమానం పెట్టుకోకండి.

మదలేనాలో దిగగానే టాక్సీ మాట్లాడుకోండి, బస్సులను నమ్ముకుంటే రోజు గడిచిపోతుంది. చెప్పులు వద్దు, లావారాయి గరుకు. మందపాటి అడుగున్న బూట్లు వేసుకోండి.

లాజీదోలో ద్రాక్షతీగల చుట్టూ రాతిగోడలు కనిపిస్తాయి. 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది ఈ గోడల ద్రాక్షతోటలనే. మన పల్నాడులో నాపరాళ్లు పేర్చినట్టే, సున్నం లేకుండా నల్లరాళ్లు పేర్చారు. ఉప్పుగాలిని ఆపుతాయి, పగటి వేడిని రాత్రి తీగకు అందిస్తాయి. ఫొటో కోసం దయచేసి ఎక్కకండి, ఒక్క రాయి జారినా వరుసంతా కూలుతుంది. లాజీదో ఒడ్డున వంగి చూడండి: వైన్ పీపాలు మోసిన ఎడ్లబండ్ల చక్రాలు అరగదీసిన గాడులు రాతిలో ఇంకా ఉన్నాయి. అసలు చూడాల్సింది అదే.

వైన్ తెచ్చుకుంటే పెద్దవాళ్లకు తలా 2 లీటర్ల వరకు మన కస్టమ్స్‌లో సుంకం ఉండదు. సీసాలు బట్టల్లో చుట్టి చెకిన్ పెట్టెలో పెట్టండి. చేతిసంచిలో అయితే సెక్యూరిటీ దగ్గరే తీసేస్తారు.