జాంగోలో మెనూ ఎక్కడ రాయాలి?

ప్రశ్న: కర్నూలు మార్కెట్ యార్డులో మా మామగారికి ఎర్రగడ్డల కమీషన్ మండీ ఉంది. లెక్కల కోసం నేను జాంగోలో (పైథాన్ భాషలో వెబ్‌సైట్లు రాసే ఫ్రేమ్‌వర్కు) ఒక చిన్న వెబ్ అప్లికేషన్ రాస్తున్నాను. వచ్చిన సరుకు, వేలం, తూకం చీటీలు, రైతుల చెల్లింపులు అని పైన మెనూ పెట్టాను. ఇప్పటికి 14 టెంప్లేట్లు (పేజీల నమూనా ఫైళ్లు) అయ్యాయి, అన్నింటిలోనూ ఆ మెనూనే అతికించాను. ఒక్క లింకు చేర్చాలన్నా 14 చోట్ల మార్చాల్సి వస్తోంది. ఉన్న పేజీ తెలిసేలా లింకుకు రంగు వేస్తే ‘మొదటి పేజీ’ ఎప్పుడూ రంగులోనే ఉంటోంది. తూకం రాసే గుమాస్తాకు చెల్లింపుల లింకు కనపడకూడదు కూడా. ఇవన్నీ ఎలా సరిచేయాలి?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ముందు ఆ 14 అతుకులనూ తీసేయండి. జాంగో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో, లారెన్స్ అనే ఊరి దినపత్రిక కార్యాలయంలో పుట్టి 2005లో బయటికి వచ్చిన ఫ్రేమ్‌వర్కు. పత్రికలో ప్రతి పేజీకీ తలకట్టును మళ్లీ కంపోజ్ చేయరు కదా, అలాగే ఇక్కడ కూడా మెనూ ఒక్క మూల టెంప్లేటులో ఉండాలి, మిగిలినవన్నీ ‘ఎక్స్‌టెండ్స్’ ట్యాగుతో దాన్ని తెచ్చుకోవాలి.

అంతటితో ఆగకుండా, మెనూలోని లింకులను పైథాన్‌లో ఒక జాబితాగా రాయండి. ఒక్కో అంశానికి నాలుగు సంగతులు చాలు: తెరపై కనిపించే పేరు, యూఆర్‌ఎల్‌కు మీరు పెట్టిన పేరు, అది చెందిన విభాగం, చూడటానికి కావలసిన అనుమతి. అడ్రసును నేరుగా రాయకుండా యూఆర్‌ఎల్ పేరు రాస్తే, రేపు దారి మారినా మెనూ చెడదు. పేరు తప్పుగా రాశారా, పేజీ తెరవగానే ‘నోరివర్స్‌మ్యాచ్’ అనే దోషం ఎదురై తప్పు అక్కడికక్కడే బయటపడుతుంది. ఈ జాబితాను అన్ని టెంప్లేట్లకూ అందించే పని కాంటెక్స్ట్ ప్రాసెసర్‌ది. అది రిక్వెస్టును తీసుకుని ఒక డిక్షనరీని (పేర్లు, వాటి విలువల జతలను) తిరిగి ఇచ్చే చిన్న ఫంక్షన్; సెట్టింగ్స్‌లోని టెంప్లేట్ల విభాగంలో దాని పేరు చేర్చాలి. మెనూను డేటాబేసులో పెట్టమని చాలామంది చెబుతారు. అయిదారు లింకులున్న మండీకి అది అనవసరమని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ ఫంక్షన్ ప్రతి పేజీకీ నడుస్తుంది, ఊరికే ప్రతిసారీ డేటాబేసును అడుగుతుంది.

ఇక రంగు సంగతి. ఇప్పుడున్న అడ్రసు లింకు అడ్రసుతో మొదలవుతోందా అని మీరు పోల్చి ఉంటారు. మొదటి పేజీ అడ్రసు ఒక్క వాలుగీత; సైటులోని ప్రతి అడ్రసూ ఆ గీతతోనే మొదలవుతుంది కాబట్టి ఆ లింకు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. అచ్చంగా సమానమా అని పోలిస్తే మరో చిక్కు వస్తుంది: గుమాస్తా ఒక చీటీని సవరించడానికి తెరిచినప్పుడు ‘తూకం చీటీలు’ ఆరిపోతుంది. అందుకని ఒక్కో విభాగం యూఆర్‌ఎల్ ఫైలులో ‘యాప్_నేమ్’ పెట్టి, రిక్వెస్టులోని ‘రిజాల్వర్_మ్యాచ్’ (తెరిచిన అడ్రసు ఏ యూఆర్‌ఎల్‌కు సరిపోయిందో చెప్పేది) ఇచ్చే నేమ్‌స్పేస్‌ను, అంటే ఆ విభాగం పేరును, మీ జాబితాలోని విభాగంతో పోల్చండి. మొదటి పేజీకి మాత్రం యూఆర్‌ఎల్ పేరుతోనే పోల్చాలి. దొరకని పేజీకి వెళ్లినప్పుడు ఈ ‘రిజాల్వర్_మ్యాచ్’ ఖాళీగా ఉంటుంది. ఆ సందర్భాన్ని చూసుకోకపోతే 404 (పేజీ దొరకలేదు) రావలసిన చోట 500 (సర్వరులో దోషం) వస్తుంది. చూపు లేనివారి స్క్రీన్ రీడరుకు రంగు తెలియదు కనుక, ఉన్న పేజీ లింకుకు ‘ఏరియా-కరెంట్’ గుర్తును కూడా తప్పక చేర్చండి.

మీ చివరి మాట దగ్గర నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. కొన్నేళ్ల కిందట ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లుకు నేను రాసిన అప్లికేషన్‌లో ధరల పేజీ లింకును గుమాస్తాకు కనపడకుండా తీసేసి, వ్యూకు (అడ్రసు తెరిచినప్పుడు ఆ పేజీని తయారు చేసి ఇచ్చే కోడుకు) మాత్రం ఏ కాపలా పెట్టకుండా వదిలేశాను. యజమాని వాడే కంప్యూటరు ముందు ఆ అబ్బాయి కూర్చుని అడ్రసు పెట్టెలో రెండక్షరాలు కొట్టాడో లేదో బ్రౌజరు పాత అడ్రసును తనంతట తానే పూరించింది, పేజీ తెరుచుకుంది. అందులో అతని తప్పు లేదు, తప్పు నాది.

కాబట్టి అనుమతి పేరును ఒక్కచోటే రాసి, దాన్నే మెనూ జాబితా, వ్యూ రెండూ వాడుకునేలా చేయండి. జాంగో ప్రతి మోడల్‌కూ (డేటాబేసులోని ఒక పట్టికను వర్ణించే క్లాసుకు) చేర్చడం, మార్చడం, తొలగించడం, చూడటం అనే నాలుగు అనుమతులను తానే తయారు చేస్తుంది. చూసే అనుమతి 2018లో వచ్చిన 2.1 వెర్షన్‌లో కలిసింది. జాంగో ఇచ్చే అడ్మిన్ పేజీల్లో ‘గుమాస్తాలు’ అని ఒక గ్రూపు పెట్టి, అనుమతులను మనుషులకు విడివిడిగా ఇవ్వకుండా ఆ గ్రూపుకు ఇవ్వండి. వ్యూ మీద ‘పర్మిషన్_రిక్వైర్డ్’ డెకరేటరు (అనుమతి ఉందా అని ముందే చూసే కాపలా వరుస) వేసేటప్పుడు ‘రెయిజ్_ఎక్సెప్షన్’ను ట్రూ చేయడం మరవకండి, లేకుంటే లాగిన్ అయి ఉన్న గుమాస్తానే జాంగో మళ్లీ లాగిన్ పేజీకి పంపుతుంది, పాస్‌వర్డు చెడిందేమోనని ఆయన మీకు ఫోన్ చేస్తాడు. మెనూ గీసేటప్పుడు ప్రతి లింకుకూ ‘హ్యాజ్_పెర్మ్’ (ఈ యూజరుకు అనుమతి ఉందా) అని అడిగితే భారం అవుతుందేమోనని సందేహించవద్దు, మొదటిసారి తెచ్చిన అనుమతులను జాంగో ఆ యూజర్ ఆబ్జెక్టు దగ్గరే ఉంచుకుంటుంది.

తరవాత ఒక టెస్టు రాయండి. టెస్ట్ క్లయింటులో గుమాస్తాగా లాగిన్ అయి, మీ జాబితాలో అతనికి కనపడని ప్రతి అడ్రసునూ తెరవబోతే 403 (అనుమతి లేదు) వస్తోందా అని అది చూడాలి. జాబితా పైథాన్‌లోనే ఉంది గనుక ఇది పది పదిహేను వరుసల పని. రేపు ‘హమాలీ కూలి’ అని మరో లింకు చేర్చినా, ఆ టెస్టే దాన్నీ పరీక్షిస్తుంది.