వృక్షకణం, జంతుకణం తేడాలు గుర్తుండాలంటే ముందు ఎర్రగడ్డ కోయండి

తొమ్మిదో తరగతి పాప వృక్షకణం, జంతుకణం తేడాల పట్టిక ఎంత బట్టీ పట్టినా పరీక్షలో తారుమారు చేస్తోందని, ఎలా చెప్పాలని అడిగారు. నేను కర్నూలులో ఈ తరగతుల పిల్లలకే ట్యూషన్ చెబుతాను. నేను చూసినంతవరకు చిక్కంతా పుస్తకంలోని బొమ్మతోనే. అందులో కణకవచం (కణం చుట్టూ ఉండే గట్టి గోడ), పెద్ద రిక్తిక (లోపలి నీళ్ల సంచి), హరితరేణువులు (ఆహారం తయారుచేసే పచ్చ రేణువులు) అన్నీ ఒకేచోట గీసి ఉంటాయి. దాంతో మొక్కలోని ప్రతి కణమూ అలాగే ఉంటుందని పిల్లలు అనుకుంటారు. అందుకే నేను భాగాల పేర్లు అడగను, "ఈ కణానికి పనేంటి?" అని అడుగుతాను.

మనకు ఎర్రగడ్డలకు, అదే ఉల్లిగడ్డలకు, ఏం కొదవ? బాగా ఎర్రగా ఉన్నదాన్ని కోసి, కండ ఉన్న పొర బయటివైపు నుంచి పల్చటి తొక్క లాగండి. నీటిచుక్కలో పెట్టి మైక్రోస్కోపులో వంద రెట్లు పెద్దది చేసి చూస్తే చాలు, రంగులేమీ వేయక్కర్లేదు. గదుల్లా కనిపించేవే కణాలు, వాటిలో గులాబీ రంగుతో నిండి కనిపించేదే రిక్తిక. ఇప్పుడు చిక్కటి ఉప్పునీళ్లు ఒక చుక్క వేయండి. నీరు బయటికి పోయి గులాబీ ముద్ద లోపలికి ముడుచుకుంటుంది, చుట్టూ ఉన్న గోడ మాత్రం కదలదు. గోడ వేరు, దాని లోపలి ప్లాస్మా పొర వేరు అని పిల్లలకు అప్పుడు తెలుస్తుంది. మరీ ఆలస్యం చేయకుండా మంచినీళ్లు వేస్తే మళ్లీ నిండుతుంది, పిల్లలు కేకలేసేది అప్పుడే. జంతుకణానికి ఆ గోడ లేదు. ఎర్ర రక్తకణాన్ని ఉత్త నీళ్లలో వేస్తే ఉబ్బి పగిలిపోతుంది.

ఆ తొక్కలో పచ్చ రేణువు ఒక్కటీ కనిపించదు. మరి ఇది వృక్షకణమేనా అని అడగండి. గడ్డ మట్టిలో పెరుగుతుంది, వెలుతురు తగలదు, ఆహారం తయారుచేసే పని దానికి లేదు. పని లేనిచోట హరితరేణువులెందుకు?

మాది అనంతపురం వైపు, కాబట్టి బుడ్డల (వేరుశనగ) చెట్టు గురించి చెప్పకుండా ఉండలేను. దాని ఆకులో పైవైపు కణాలు హరితరేణువులతో కిక్కిరిసి ఉంటాయి. కిందివైపు పచ్చదనం లేని పెద్ద పెద్ద కణాల వరుస ఉంటుంది, అవి నీళ్లు దాచుకునే కణాలు. ఒకే ఆకులో రెండు పనులు, రెండు రకాల కణాలు. వేరు చివర మూలకేశం కణమే సన్నగా సాగి మట్టిలోని నీటిని పీలుస్తుంది. ఆ నీటిని పైకి చేర్చే దారునాళాలైతే చచ్చిపోయి, లోపల ఖాళీ అయ్యాకే గొట్టాలుగా పనికొస్తాయి.

జంతువుల్లోనూ ఇంతే. మనిషి ఎర్ర రక్తకణంలో కేంద్రకం ఉండదు, ఆ చోటు కూడా ఆక్సిజన్ మోసే హీమోగ్లోబిన్‌కే. సుమారు 120 రోజులు బతుకుతుంది. కోడి ఎర్ర రక్తకణంలో మాత్రం కేంద్రకం ఉంటుంది. నడుము నుంచి పాదం దాకా కబురు మోసే నాడీకణం పోగు దాదాపు మీటరు పొడవుంటుంది.

పరీక్షలో మాత్రం పట్టికే రాయమనండి, మార్కులు దానికే ఇస్తారు. ఇంట్లో మైక్రోస్కోపు లేదని టెన్షన్ పడొద్దు. స్కూల్లో ఉంటే సైన్స్ సారును అడగండి, లేదంటే ఫోల్డ్‌స్కోప్ అనే కాగితపు మైక్రోస్కోపు తక్కువ ధరకే వస్తుంది, ఎర్రగడ్డ తొక్క చూడటానికి సరిపోతుంది.