ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ లైసెన్సు పరీక్ష: పని వచ్చినవారు పేపర్‌లో ఎక్కడ తప్పుతున్నారు?

ప్రశ్న: ఎలక్ట్రీషియన్ కోర్సు చేసి ఏడేళ్లుగా ఇళ్ల వైరింగ్, ప్యానెల్ బోర్డుల పని చేస్తున్నాను. కాంట్రాక్టర్ లైసెన్సు పరీక్ష ఒకసారి రాసి తప్పాను. లెక్కల దగ్గర, రూల్స్ దగ్గర ఆగిపోతున్నాను. మళ్లీ పరీక్షకు మూడు నెలల టైముంది. ఎలా చదవాలి?

జవాబు: పనిలో బాగా చెయ్యి తిరిగినవారు కూడా ఈ పరీక్షలో తప్పుతుంటారు. సైట్‌లో గీజర్‌కు ఏ వైరు వేయాలంటే చెయ్యి దానంతటదే ఆ కాయిల్ మీదికి వెళ్తుంది. పేపర్‌లో ఆ వైరే ఎందుకు వేయాలో అంకెలతో, రూల్‌తో చూపించాలి. కాంట్రాక్టర్‌గా సంతకం పెట్టేది మీరు, రేపు కేబుల్ కాలితే జవాబు చెప్పాల్సిందీ మీరే. అందుకే ఆ కారణాన్నే అడుగుతారు. మీ మూడు నెలల్లో సగానికి పైగా దీనికే కేటాయించండి.

పుస్తకం కొనేముందు సిలబస్‌లో ఏ కోడ్, ఏ ఎడిషన్ ఇచ్చారో చూడండి. ఎన్‌ఈసీ (నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్) అనే పేరుతో అమెరికాలో ఒక కోడ్ ఉంది, భారతదేశంలో మరొకటి ఉంది. ఆన్‌లైన్‌లో దొరికే మోడల్ ప్రశ్నల్లో చాలావరకు అమెరికా కోడ్‌వి. వాటిలో 120 వోల్టుల సర్క్యూట్లు, గేజ్ నంబర్లతో వైర్ సైజులు ఉంటాయి, ఆ కోడ్ మూడేళ్లకోసారి మారుతుంది. ఐఈసీ 60364 అనే అంతర్జాతీయ వైరింగ్ ప్రమాణాన్ని అనుసరించే చోట్ల 230 వోల్టులు, స్క్వేర్ ఎంఎం సైజులు ఉంటాయి. మీ పరీక్షది కాని కోడ్‌లో వెయ్యి ప్రశ్నలు చేసినా ఫలితం ఉండదు. ఈ కింది అంకెలన్నీ ఐఈసీ పద్ధతివి.

ఇక లెక్కలు. అన్నిటికంటే ముఖ్యమైనది కేబుల్ సైజు ఎంపిక. దానికో వరస ఉంది: లోడ్ కరెంటు, బ్రేకర్ రేటింగ్, కేబుల్ కెపాసిటీ, వోల్టేజ్ డ్రాప్, చివర ఎర్త్ ఫాల్ట్‌లో (ఫేజు ఎర్త్‌కు తగిలినప్పుడు) బ్రేకర్ పడుతుందో లేదో. లోడ్ కరెంటు కంటే బ్రేకర్ రేటింగ్ తక్కువ ఉండకూడదు, బ్రేకర్ రేటింగ్ కంటే కేబుల్ మోయగల కరెంటు తక్కువ ఉండకూడదు.

ఒక లెక్క చేసి చూద్దాం. 230 వోల్టుల మీద 4.4 కిలోవాట్ల హీటర్, దూరం 30 మీటర్లు, గోడలో కండ్యూట్, అదే పైపులో మొత్తం మూడు సర్క్యూట్లు, పరిసర ఉష్ణోగ్రత 40 డిగ్రీలు, పీవీసీ కాపర్ వైరు. కరెంటు 4400ను 230తో భాగిస్తే 19.1 ఆంపియర్లు. బ్రేకర్ 20 ఆంపియర్లు. ఇక్కడ చాలామంది టేబుల్ తెరిచి, 2.5 స్క్వేర్ ఎంఎం 24 ఆంపియర్లు మోస్తుంది కదా అని రాసేస్తారు. టేబుల్ చెప్పేది 30 డిగ్రీల్లో, పైపులో ఒకే సర్క్యూట్ ఉన్నప్పటి మాట. మూడు సర్క్యూట్లకు తగ్గింపు ఫ్యాక్టర్ 0.70, 40 డిగ్రీలకు 0.87. రెండూ గుణిస్తే 0.609. బ్రేకర్ రేటింగ్‌ను దీనితో భాగించాలి: 20 బై 0.609 అంటే 32.8 ఆంపియర్లు. 4 స్క్వేర్ ఎంఎం 32 ఆంపియర్లే మోస్తుంది, ఒక ఆంపియర్ కూడా లేని తేడాతో సరిపోదు. 6 స్క్వేర్ ఎంఎం 41 మోస్తుంది, అదే జవాబు. భాగించాల్సిన చోట గుణించినవారికి 12 ఆంపియర్లు వచ్చి 1.5 వైరు కూడా చాలన్నట్టు కనబడుతుంది. జవాబు తేలిగ్గా వచ్చిందనిపిస్తే ఈ మెట్టు మళ్లీ చూసుకోండి.

తర్వాత వోల్టేజ్ డ్రాప్. కాపర్ రెసిస్టివిటీ 0.0225 తీసుకుని, రెండుతో, 30 మీటర్లతో, 19.1తో గుణించి, 6తో భాగిస్తే సుమారు 4.3 వోల్టులు, అంటే 1.9 శాతం. లైట్లకు 3, మిగతా లోడ్లకు 5 శాతం వరకు సరే. రెండుతో గుణించడం మర్చిపోతే సగం డ్రాపే కనబడుతుంది, ఎందుకంటే కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రావాలి. త్రీ ఫేజ్‌లో ఆ రెండు బదులు 1.732 వస్తుంది.

మోటార్ లెక్కల్లో ఒక్కటే పట్టుకోండి: నేమ్‌ప్లేట్ మీది కిలోవాట్లు షాఫ్ట్ దగ్గర వచ్చే అవుట్‌పుట్. 15 కిలోవాట్లు, 400 వోల్టులు, పవర్ ఫ్యాక్టర్ 0.85, ఎఫిషియెన్సీ 0.9 ఇస్తే కరెంటు 28.3 ఆంపియర్లు. ఎఫిషియెన్సీ వదిలేస్తే 25.5 వస్తుంది, ఓవర్‌లోడ్ సెట్టింగ్ నుంచి అన్నీ తప్పుతాయి. స్టార్ డెల్టా స్టార్టర్‌లో స్టార్టింగ్ లైన్ కరెంటు మూడో వంతుకు తగ్గుతుంది, టార్క్ (తిప్పే బలం) కూడా అంతే తగ్గుతుంది. రెండో సగం రాయనివాళ్లే ఎక్కువ.

ఎర్తింగ్ దగ్గర మీ అనుభవమే మీకు అడ్డొస్తుంది. ఎర్త్ పిట్ రీడింగ్ 5 ఓమ్‌లు వచ్చింది కాబట్టి సేఫ్ అని సైట్‌లో అనుకుంటాం. పిట్ మీదే ఆధారపడ్డ టీటీ సిస్టమ్‌లో ఫేజు వస్తువు బాడీకి తగిలితే ఆ 5 ఓమ్‌ల మీదుగా పోయేది గరిష్ఠంగా 46 ఆంపియర్లే. సీ టైప్ 20 ఆంపియర్ల ఎంసీబీ (చిన్న బ్రేకర్) కచ్చితంగా వెంటనే పడాలంటే రేటింగ్‌కు పది రెట్లు, అంటే 200 ఆంపియర్లు కావాలి. దానికి లూప్ (ఫాల్ట్ కరెంటు తిరిగే దారి) మొత్తం 1.15 ఓమ్‌లు దాటకూడదు. 46 ఆంపియర్లకు ఎంసీబీ చాలాసేపు ఊరుకుంటుంది, ఆ సేపంతా బాడీ మీద ప్రమాదకరమైన వోల్టేజ్ ఉంటుంది. అందుకే అక్కడ ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌కు లీకైతే సప్లై తెంచే స్విచ్) తప్పనిసరి. మనుషుల రక్షణకు 30 మిల్లీ ఆంపియర్లది పెడతారు. టీఎన్ సిస్టమ్‌లో (వస్తువుల ఎర్త్ వైరు సప్లై న్యూట్రల్‌కు కలిసి ఉండేది) చివరి సర్క్యూట్లు 0.4 సెకన్లలో, టీటీలో 0.2 సెకన్లలో తెగాలి. ఈ పేరా విషయాన్ని చూడకుండా రాయగలిగేదాకా వదలకండి. ప్రాణాలు నిలిపేది ఇదే, వైవాలో తిప్పి తిప్పి అడిగేదీ ఇదే.

టెస్టుల వరస కూడా రావాలి. ముందు సప్లై లేకుండా ఎర్త్ కంటిన్యుటీ, తర్వాత మెగ్గర్‌తో 500 వోల్టుల డీసీ ఇచ్చి ఇన్సులేషన్ (కనీసం 1 మెగా ఓమ్), ఆ తర్వాత పొలారిటీ (ఫేజు, న్యూట్రల్ తారుమారు కాలేదా అని). సప్లై ఇచ్చాకే లూప్, ఆర్‌సీసీబీ టెస్టులు. మెగ్గర్ పెట్టేముందు ఎల్‌ఈడీ డ్రైవర్లు, డిమ్మర్లు విప్పారా అని అడుగుతారు. విప్పకపోతే అవి కాలిపోవచ్చు, లేదా రీడింగ్ తక్కువ చూపిస్తుంది. లోడ్ వేయగానే ఆర్‌సీసీబీ పడుతుంటే కారణాలు చెప్పమంటే, రెండు ఆర్‌సీసీబీల న్యూట్రల్స్ కలిసిపోవడం, అవుట్‌పుట్ వైపు న్యూట్రల్ ఎర్త్‌కు తగలడం మొదట రాయండి.

మొదటి ఆరు వారాలు రోజూ గంటన్నర లెక్కలే చేయండి, ప్రతి మెట్టూ యూనిట్లతో రాస్తూ. తర్వాతి నాలుగు వారాలు రూల్స్, సింగిల్ లైన్ డయాగ్రమ్‌లు, స్టార్టర్ల కంట్రోల్ సర్క్యూట్లు, ఎస్టిమేషన్. పుస్తకం చూసి రాసే పరీక్ష అయితే టేబుళ్లకు ట్యాబ్‌లు అంటించి (అనుమతి ఉంటేనే), ఇండెక్స్ నుంచి ఒక్క నిమిషంలో పేజీ తీయడం సాధన చేయండి. చదవకుండా హాల్లో మొదటిసారి తెరిచేవారికి టైము వెతకడంలోనే అయిపోతుంది. చివరి రెండు వారాలు పాత పేపర్లు గడియారం పెట్టుకుని రాయండి. పోయినసారి ఏ మెట్టు దగ్గర ఆగారో గుర్తు చేసుకుని కాగితం మీద రాసి, ఈ వారం అక్కడి నుంచే మొదలుపెట్టండి.