మూసేసిన నారో గేజ్ ఘాట్ లైనులో మిగిలిన వస్తువులు: ఏవి తీసుకోవచ్చు, ఎలా అడగాలి?

మంచిర్యాల, కరీంనగర్ ప్రాంతాల మిత్రులు కొందరు కలిసి నాగపూర్–ఛింద్వాడా పాత నారో గేజ్ (పట్టాల మధ్య దూరం తక్కువగా ఉండే) లైను ఘాట్ భాగానికి, అంటే కొండ ఎక్కే భాగానికి, వెళ్లాలనుకుంటున్నామని, అక్కడ పడి ఉన్న కిలోమీటరు రాళ్లు, ఫిష్‌ప్లేట్లు (రెండు పట్టాల చివరలను కలిపే ఇనుప పలకలు), సిగ్నల్ దీపాలు తెచ్చుకోవచ్చా అని, తెచ్చుకుంటే వాటిని ఎలా కాపాడాలని అడిగారు. నేను కాజీపేటలో సిగ్నల్ విభాగంలో పని చేసి రిటైరయ్యాను. రైల్వేలోనే పని చేసిన కొందరు మిత్రులతో కలిసి ఆ లైను మూతపడిన తరువాత అనుమతి తీసుకొని అక్కడికి వెళ్లి వచ్చాను కనుక నాకు తెలిసినంత రాస్తాను. ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను: కాగితం మీద అనుమతి లేకుండా ఒక్క మేకు కూడా ముట్టుకోకండి. అనుమతి దొరికితే వస్తువును కదిలించడానికి ముందు అది ఉన్న చోటును రాసుకోండి. చోటు వివరం లేని ఫిష్‌ప్లేటు తూకానికి అమ్ముకునే ఇనుమే అవుతుంది తప్ప చరిత్ర కాదు.

రైళ్లు ఆగిపోయిన లైను ఎవరిదీ కాదన్న భావన చాలామందిలో ఉంది. రైళ్లు నడవకపోయినా, పట్టాలు ఎత్తేసినా, కట్ట, వంతెనలు, భవనాలు, వాటిలో మిగిలిన సామాను అన్నీ రైల్వే ఆస్తిగానే ఉంటాయి. రైల్వే ఆస్తిని అక్రమంగా కలిగి ఉండడాన్ని నేరంగా పరిగణించే 1966 నాటి చట్టం ఒకటి ఉంది. దాని ప్రకారం మొదటి నేరానికే ఐదేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. ఆ చట్టం కింద కేసు పెట్టేది ఆర్.పి.ఎఫ్. (రైల్వే రక్షణ దళం) వారు. వస్తువు మన దగ్గర దొరికి, అది రైల్వేదన్న సహేతుకమైన అనుమానం ఉంటే, దాన్ని న్యాయంగానే సంపాదించామని నిరూపించుకోవలసిన భారం మన మీదే పడుతుంది. పొదల్లో తుప్పు పట్టి పడి ఉంది కదా అని సంచిలో వేసుకునేవారు ఈ సంగతి మరచిపోకూడదు. ఘాట్‌లో పాత కట్ట అడవి గుండా వెళ్లే చోట్ల అటవీ శాఖ అనుమతి కూడా కావలసి రావచ్చు.

అనుమతి ఎవరిని అడగాలన్న దగ్గర మన వైపు నుంచి వెళ్లేవారు తరచుగా తికమక పడతారు. నాగపూర్‌లో రెండు రైల్వే డివిజన్లు ఉన్నాయి. కాజీపేట నుంచి బల్లార్షా మీదుగా మనం దిగే పెద్ద స్టేషను సెంట్రల్ రైల్వే నాగపూర్ డివిజన్‌ది. నాగపూర్‌లోని ఇత్వారీ స్టేషను నుంచి బయలుదేరే ఛింద్వాడా లైను మాత్రం బిలాస్‌పూర్ కేంద్రంగా ఉన్న ఆగ్నేయ మధ్య రైల్వే నాగపూర్ డివిజన్‌ది. ఉత్తరం ఈ రెండవ డివిజన్ మేనేజరు కార్యాలయానికే వెళ్లాలి. అందులో ఎవరెవరు వస్తున్నారో, ఏ స్టేషను నుంచి ఏ స్టేషను వరకు నడుస్తారో, ఫొటోలు, కొలతలు మాత్రమేనా లేక ఏవైనా వస్తువులు కూడా కోరుతున్నారా అన్నది విడివిడిగా రాయాలి. మేము మొదట ఫొటోలకు, కొలతలకే అనుమతి కోరాము. వస్తువుల సంగతి స్థానిక ఇంజనీరింగ్ సిబ్బందితో పరిచయం ఏర్పడిన తరువాతే కదిపాము. ఒకే ఉత్తరంలో అన్నీ అడిగితే ఆ కాగితం ఒక బల్ల మీది నుంచి మరో బల్ల మీదికి తిరుగుతూనే ఉంటుందని ఉద్యోగ అనుభవం ఉన్నవారెవరైనా చెబుతారు.

వస్తువులు చట్టబద్ధంగా బయటికి రావడానికి ఉన్న దారి వేలం. లైను ఎత్తేసినప్పుడు పట్టాలు, స్లీపర్లు (పట్టాల కింద అడ్డంగా వేసే దిమ్మెలు), ఫిష్‌ప్లేట్లు, బోల్టులను పర్మనెంట్ వే విభాగం, అంటే పట్టాల దారిని చూసుకునే విభాగం, లెక్కగట్టి, తిరిగి వాడుకోదగినవి ఇవి, పనికిరానివి ఇవి అని విడదీస్తుంది. పనికిరానివాటిని టన్నుల లెక్కన లాట్లుగా కట్టి ఆన్‌లైన్ వేలానికి పెడతారు. టన్నుల్లో కొనే వ్యాపారితో ఔత్సాహికులు పోటీ పడలేరు, పడవలసిన అవసరమూ లేదు. లాటు కట్టకముందే ఆ సెక్షను ఇంజనీరును కలిసి, ఫలానా కిలోమీటరు దగ్గరి ఫలానా బోర్డును లాటులో కలపకుండా మ్యూజియం కోసం పక్కన పెట్టమని కోరడమే సరైన పని. లాటు గెలిచిన వ్యాపారి దగ్గర రసీదు మీద ఒకటి రెండు వస్తువులు కొనుక్కోవడం కూడా చట్టబద్ధమే. కానీ అప్పటికి అవి గుట్టలో కలిసిపోయి ఉంటాయి కనుక ఏది ఎక్కడిదో ఎవరూ చెప్పలేరు.

ఇక అక్కడ చూడవలసిన వాటి గురించి. ఛింద్వాడా లైను 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో బెంగాల్ నాగపూర్ రైల్వే సాత్పురా కొండల్లో వేసిన 762 మిల్లీమీటర్ల గేజ్ లైన్ల కుటుంబానికి చెందినది. 2015 చివరిలో దాని మీద రైళ్లు ఆగిపోయాయి. మైదానంలో పాత కట్టనే వెడల్పు చేసి బ్రాడ్ గేజ్ పట్టాలు వేస్తారు కనుక అక్కడ పెద్దగా ఏమీ మిగలదు. కొండ దగ్గర పరిస్థితి వేరు. చిన్న గేజ్ బండి తిరగగలిగిన వంపులో బ్రాడ్ గేజ్ బండి తిరగలేదు, అది ఎక్కగలిగిన వాలును ఇది ఎక్కలేదు. అందువల్ల కొత్త లైనును వేరే దారిన తీసుకుపోతారు, పాత కట్ట, కొండ కోతలు, రాతి కల్వర్టులు అడవిలో అలాగే ఉండిపోతాయి. మిత్రులు రామకోన నుంచి ఉమ్రానాలా వైపున్న ఘాట్ భాగాన్ని ఎంచుకున్నది సబబే.

అక్కడ నడిచేటప్పుడు మేము ఎక్కువ సమయం గడిపింది పట్టా ముక్కల దగ్గర. పూర్తిగా ఎత్తేసిన లైనులో కూడా గేట్ల దగ్గర, కంచె స్తంభాలుగా, లైను చివర బండిని ఆపే బఫర్ దిమ్మెలుగా పాత పట్టాలు మిగులుతాయి. పట్టా పక్క భాగాన్ని వైరు బ్రష్షుతో కాక, గట్టి నారతో మెల్లగా రుద్దితే ఉబ్బెత్తు అక్షరాలు బయటపడతాయి. తయారు చేసిన కర్మాగారం పేరు, సంవత్సరం, గజానికి ఎన్ని పౌండ్ల బరువో తెలిపే అంకె అక్కడ ఉంటాయి. చాలా కర్మాగారాలు సంవత్సరం పక్కన నిలువు గీతలు కూడా పోసేవి. గీతల సంఖ్యే నెల. గజానికి 50 పౌండ్ల పట్టా అంటే మీటరుకు సుమారు 25 కిలోలు. ఇప్పుడు మన కాజీపేట–బల్లార్షా ప్రధాన మార్గం వంటి చోట్ల వేసేది మీటరుకు 60 కిలోల పట్టా. ఒక మీటరు ముక్కను ఇద్దరు చెరొక చివర పట్టుకొని కొండ దిగే బదులు, పలుచని కాగితం పరచి మెత్తని పెన్సిలుతో రుద్దితే ఆ అక్షరాలు యథాతథంగా కాగితం మీదికి వస్తాయి. పట్టా మీది సంవత్సరాన్ని లైను వేసిన సంవత్సరంగా మాత్రం తీసుకోకూడదు. చిన్న లైన్లకు ఇతర చోట్ల వాడి తీసిన పట్టాలను వేయడం, అరిగిన వంపుల్లో మధ్యలో మార్చడం మామూలే కనుక, ఒకే వంపులో వేర్వేరు దశాబ్దాల పట్టాలు ఉండడంలో వింత లేదు. ఆ తేడాలను వరుసగా రాసుకుంటే వంపులు ఎక్కడ ఎక్కువ అరిగేవో తెలుస్తుంది. అటువంటి సమాచారం ఏ వస్తువునూ ఇంటికి తెచ్చుకొని రాబట్టలేము.

ఇదే విధంగా లైను ఎంత ఎక్కుతుందో, దిగుతుందో తెలిపే వాలు స్తంభాలు, వంపు మొదలయ్యే చోట దాని సంఖ్య, వ్యాసార్ధం తెలిపే బోర్డులు, కల్వర్టు గోడ మీద సంఖ్య, నీరు పారే దిక్కును చూపే బాణం గుర్తు ముఖ్యమైనవి. వీటిని పెకలించకుండా ఉన్నచోటే ఫొటో తీసి, జి.పి.ఎస్. అంకెలతో పుస్తకంలో రాసుకుంటే, ఘాట్ నక్షా మొత్తాన్ని తిరిగి గీయవచ్చు. మాతో వచ్చిన పర్మనెంట్ వే మిత్రుడికి ఆ నక్షా గీయడం మీద ఉన్న శ్రద్ధ మరే వస్తువు మీదా లేదు. అప్పట్లో నాకు కొంత విసుగనిపించిన మాట నిజమే కానీ, ఇప్పుడు మా దగ్గర ఉన్నవాటిలో నలుగురికీ పనికి వచ్చేది ఆ నక్షాయే.

నా సొంత విభాగం గురించి కూడా ఒక మాట చెప్పాలి. రెండు వైపుల బండ్లూ ఒకే పట్టాల మీద నడిచే ఒంటి లైన్లలో నీల్స్ టోకెన్ యంత్రాలు వాడిన చోట్ల ఔత్సాహికుల కన్ను ముందుగా టోకెన్ గుండు మీద పడుతుంది. రెండు స్టేషన్ల మధ్య ఒక జత యంత్రాలు విద్యుత్ తీగతో కలిసి పని చేస్తాయి. ఒక గుండు బయట ఉన్నంతసేపు రెండో గుండు ఏ యంత్రం నుంచీ రాదు. డ్రైవరు చేతిలో గుండు ఉంటేనే ఆ సెక్షనులోకి వెళ్లే అధికారం ఉన్నట్లు. గుండు మీద ఆ రెండు స్టేషన్ల పేర్లు చెక్కి ఉండడం వల్ల సేకరించేవారికి దాని మీద మోజు ఎక్కువ. రెండు రైళ్లు ఎదురెదురుగా రాకుండా కాపాడే వస్తువు కాబట్టి రైల్వే వారు ప్రతి గుండుకూ లెక్క చూస్తారు. సెక్షను మూసినా ఆ లెక్క ముగిసే వరకు గుండు బయటికి రాకూడదు. ఎవరైనా అమ్మజూపితే కొనకండి. దళసరి అట్ట టిక్కెట్లదీ అదే పరిస్థితి. వాడని టిక్కెట్టు వాణిజ్య విభాగం దృష్టిలో డబ్బుతో సమానం.

తీసుకోవడానికి వీలైనవి, అనుమతి సులభంగా దొరికేవి అందరూ వదిలేసేవే: గోడకు అంటించిన పాత వేళల పట్టిక, గ్యాంగు హాజరు పుస్తకం అట్ట, పగిలిన దీపపు గాజు, స్టేషను పేరు రాసిన చెక్క ముక్క. వాటికంటే విలువైనవి ఆ ఊళ్లలో ఉన్న పాత కీమన్లు (రోజూ పట్టాల వెంట నడిచి తనిఖీ చేసేవారు), గేట్‌మన్ల జ్ఞాపకాలు. మా హిందీ తెలంగాణ యాసలో ఉన్నా వారికి బాగానే అర్థమైంది. వానాకాలంలో ఏ కోతలో మట్టి జారేదో, ఏ ఎక్కుడులో చక్రాలు జారకుండా పట్టాల మీద ఇసుక పోయవలసి వచ్చేదో వారు చెప్పినవి ఏ రికార్డులోనూ ఉండవు. వారి అనుమతితో మాటలు రికార్డు చేసుకోండి.

రాసి పెట్టుకున్న వివరం ఎంత దూరం పనికి వస్తుందో ఇంగ్లండులోని లింటన్–బార్న్‌స్టేపుల్ అనే చిన్న కొండ లైను చూపింది. అది 1935లో మూతపడింది. సామానంతా వేలంలో పోయింది. లూ అనే ఇంజను 1936లో బ్రెజిల్‌కు వెళ్లి జాడ లేకుండా పోయింది. అయినా తరువాతి తరం ఔత్సాహికులు అదే నమూనాలో లిడ్ అనే ఇంజనును కొత్తగా తయారు చేసి 2010లో పట్టాలెక్కించారు. మన మున్నార్ దగ్గరి కుండలా లోయ లైను 1924 వరదల్లో కొట్టుకుపోయిన తరువాత మళ్లీ లేవలేదు. అక్కడి రైలును గుర్తు చేసేవాటిలో టాప్ స్టేషన్ అన్న ఊరి పేరు ఒకటి.

తెచ్చినవాటిని కాపాడే విషయంలో తక్కువ చేయడమే మేలు. ఇనుప వస్తువును ఇసుకతో కొట్టించడం, ఆయిల్ పెయింటు వేయించడం వల్ల అక్షరాల అంచులు పోతాయి. కిరోసిన్‌లో నానబెట్టి, వదులైన తుప్పు మాత్రం తీసి, బాగా ఆరిన తరువాత పలుచగా మైనం పూస్తే చాలు. ఇత్తడి వస్తువును చింతపండుతో తోమి మెరిపించకండి. పాత ఎర్ర రంగుల్లో సీసం ఉంటుంది కనుక వాటిని గీకకూడదు. చెక్క స్లీపర్లకు పట్టించిన క్రియోసోట్ నూనె చర్మానికి మంట పుట్టిస్తుంది కాబట్టి తొడుగులు లేకుండా ముట్టుకోకూడదు.

హైదరాబాదు జుమేరాత్ బజారులో రైల్వే దీపాలు కొనేవారు ముద్రలను చూడడం నేర్చుకోవాలి. బి.ఎన్.ఆర్. అని ఉంటే అది 1952కు ముందటి బెంగాల్ నాగపూర్ రైల్వే గుర్తు, ఎస్.ఈ.ఆర్. అని ఉంటే 1955లో ఏర్పడిన ఆగ్నేయ రైల్వేది. మన వైపు దొరికేవాటిలో ఎన్.జి.ఎస్.ఆర్. అన్నది నిజాం గ్యారంటీడ్ కంపెనీ గుర్తు, ఎన్.ఎస్.ఆర్. అన్నది 1930లో నిజాం ప్రభుత్వం ఆ కంపెనీని కొన్న తరువాతిది. కొత్తగా కొట్టిన ముద్ర అంచులు పదునుగా ఉండి, చుట్టూ ఉన్న లోహం మాత్రం అరిగినట్లు కనిపిస్తే ఆ దీపాన్ని వదిలేయండి.

ప్రయాణానికి డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. వానల తరువాత గడ్డి నడుము ఎత్తు పెరిగి కల్వర్టు అంచులు కనబడవు, పాడుబడిన గదుల్లో పాములు ఉంటాయి. ఘాట్‌కు వెళ్లే ముందు నాగపూర్ మోతీబాగ్‌లో 2002లో ప్రారంభమైన నారో గేజ్ మ్యూజియంలో ఒక పూట గడిపితే అడవిలో ఏది దేని భాగమో గుర్తు పట్టగలుగుతారు. కొండ లైనే కావాలన్న పట్టుదల లేకపోతే 2019లో మూతపడిన ఇత్వారీ–నాగ్‌భీడ్ లైను మీకు దగ్గర. బల్లార్షా నుంచి గోందియా వైపు వెళ్లే బండిలో నాగ్‌భీడ్ చేరవచ్చు. తిరుగు ప్రయాణంలో వస్తువుల జాబితా, అనుమతి పత్రం, రసీదు అసలు ప్రతులు చేతి సంచిలోనే ఉంచుకొని, నకళ్లు వస్తువులతో పాటు కట్టండి. ఇనుప సామానుతో ప్లాట్‌ఫారం మీద దిగినవారిని ఆర్.పి.ఎఫ్. వారు ఆపి అడగడం సహజం, అప్పుడు పెట్టె అడుగున కాగితాలు వెతుక్కోవలసిన పని ఉండదు.