స్నేహితుడి బీట్ నేను తిరుగుతున్నాను, ఇంట్లో గొడవ

ప్రశ్న: మాది రాయగడ. రైల్వేలో ట్రాక్‌మ్యాన్‌ని. మా గ్యాంగ్ కీమ్యాన్, అంటే తన బీట్‌ (తన వంతు లైను) వెంట రోజూ నడిచి పట్టాలు చూసుకునేవాడు, నాకు ప్రాణస్నేహితుడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు మలేరియా ముదిరితే భుజాన వేసుకుని స్టేషన్‌కి మోసుకొచ్చాడు. కిందటేడు తన బీట్‌లో రైలు కింద పడిన మనిషిని చూసిన దగ్గర్నుంచి తాగుడు పెరిగింది. ఇప్పుడు పొద్దున్నే ఇప్పసారా పడందే చేతుల వణుకు ఆగదు. డ్యూటీ చేయలేని రోజు అతని బీట్ నేను తిరుగుతున్నాను. గ్యాంగ్‌కి పెద్ద అయిన మేట్ చూసీ చూడనట్టు ఊరుకుంటున్నాడు. మజ్జిగౌరమ్మ గుడిలో ఒట్టు వేయిస్తే వారం కూడా నిలవలేదు. పైవాళ్లకు చెబితే సస్పెన్షన్, అతని పిల్లలేమో చిన్నవాళ్లు. సాయంత్రాలు వాళ్లింట్లోనే ఉంటున్నానని, లోన్ తీసి అతనికి డబ్బిచ్చానని నా భార్య పుట్టింటికి పోతానంటోంది. ఏం చేయను?

జవాబు: మిమ్మల్ని మోసుకొచ్చిన మనిషిని వదిలేయమని నేను చెప్పను. చెప్పినా మీరు వినరు. కానీ ఇన్నాళ్లుగా మీరు కాపాడుతూ వస్తున్నది అతని తాగుడునే.

కీమ్యాన్ పని నాకంటే మీకే బాగా తెలుసు. పట్టా విరిగి కనిపించిందనుకోండి. రైలు వచ్చే వైపు ఎర్రజెండా చూపిస్తూ పరిగెత్తాలి. 600 మీటర్ల దగ్గర ఒక పటాకీ (రైలు చక్రం ఎక్కగానే పేలి డ్రైవర్‌ను హెచ్చరించేది), 1200 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల ఎడంలో మూడు పెట్టాలి. ఆ వణికే చేతులు పటాకీని పట్టాకు బిగించగలవా? కంకర మీద కిలోమీటరు పైచిలుకు పరిగెత్తే ఊపిరి అతనికి ఉందా? మీరు తిరిగిన రోజు సరే, మీకు రెస్ట్ ఉన్న రోజో? రైలెక్కినవాళ్ల మాట అటుంచండి, వెనక నుంచి బండి వస్తే ముందుగా పోయేది అతనే. గ్యాంగ్ పని చేసేటప్పుడు లుకౌట్ మనిషి బండి వస్తోందని విజిల్ ఊదుతాడు గానీ, పట్టా మీదున్నవాడి బదులు తానెళ్లి నిలబడడు కదా. మీరూ విజిల్ ఊదాల్సిన వేళయింది.

ఒట్టు నిలవలేదని అతన్ని తిట్టకండి. పొద్దున్నే మందు పడందే చేతులు వణుకుతున్నాయంటే శరీరం దానికి బానిసైందని అర్థం. ఈ స్థితిలో ఒక్కసారిగా మానిపిస్తే రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మతి తప్పి ఏవేవో కనిపించొచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. అమ్మవారికి మొక్కుకోండి, తప్పులేదు. మాన్పించడం మాత్రం డాక్టరు చేతుల మీదుగానే జరగాలి. మీకు దగ్గర్లో కోరాపుట్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. విశాఖలో అయితే చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల. ముందు ఎవరితోనైనా మాట్లాడాలంటే టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా చేయొచ్చు. తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు.

డాక్టరుకు ఆ రైలు కింద పడిన మనిషి సంగతి కూడా చెప్పించండి. శవం మీద గుడ్డ కప్పి, మర్నాడు అదే చోట మళ్లీ నడవడం గ్యాంగ్ వాళ్లకు మామూలే అన్నట్టు ఉంటారు అందరూ. రాత్రి నిద్ర పడుతోందా అని ఎవరూ అడగరు. మీరు కూడా అడిగి ఉండరు. అడగండి.

రెస్ట్ రోజున, మత్తు కాస్త తక్కువగా ఉన్న వేళ, అతని భార్యను కూడా పక్కన కూర్చోబెట్టి అతనితో మాట్లాడండి. ఉపన్యాసం వద్దు. "రేపట్నుంచి నీ బీట్ నేను తిరగను. సిక్ పెట్టు, ఆసుపత్రికి నీతో నేనొస్తాను. తాగి డ్యూటీకొస్తే మాత్రం మేట్‌కి చెప్తాను, ఆయన వినకపోతే ఇన్‌స్పెక్టర్‌కి చెప్తాను." ఇంతే. తర్వాత ఆ మాట మీద నిలబడాలి, అది కష్టం. తనంతట తాను వైద్యానికి వెళ్లిన మనిషిని చూసే తీరు వేరు, డ్యూటీలో తాగి దొరికినవాణ్ని చూసే తీరు వేరు. సస్పెన్షన్ భయం ఉంటే త్వరపడాల్సింది అందుకే. ఈలోగా అతను మత్తులో వస్తే ఆ రోజు పట్టాల మీదికి దిగనివ్వకండి, కోపగించుకున్నా సరే. మేట్‌తో కూడా విడిగా మాట్లాడండి, ఏదైనా జరిగితే విచారణలో మొదటి ప్రశ్న ఆయనకే.

ఇక మీ ఆవిడ విషయం. ఆవిడది పిసినారితనం అనుకోకండి. లోన్ సంగతి మీరు చెప్పారా, ఆవిడకే తెలిసిందా? ఉత్తరంలో ఆ ముక్క లేదు, నాకు అనుమానంగానే ఉంది. ఎంత తీశారో, జీతంలో ఎన్నాళ్లు కట్ అవుతుందో కాగితం ముందు పెట్టి చెప్పండి. ఇకనుంచి అతని చేతికి డబ్బివ్వకండి, అది సారా కొట్టుకే పోతుంది. ఇవ్వక తప్పని రోజున పిల్లల స్కూలు ఫీజు మీరే కట్టి రండి, అదీ మీ ఆవిడతో అనుకున్నాకే. సాయంత్రాలు అతనింట్లో కూర్చోవడం గ్యాంగ్‌లో మిగతావాళ్లతో వంతులు వేసుకోండి. వాళ్లకూ అతను ఎప్పుడో ఒకప్పుడు సాయపడే ఉంటాడు. ఒకసారి మీ ఆవిడను కూడా వెంట తీసుకెళ్లండి. ఆ ఇంటావిడతో మాట్లాడటానికి మీకంటే ఆవిడే మేలు.