కంప్యూటర్ సందేహాలు: ఇల్లు అదే, డోర్ నంబరే మారింది

ప్రశ్న: కాలేజీ ల్యాబ్‌లో, కంప్యూటర్ లోపలే మరో కంప్యూటర్‌ను నడిపే వర్చువల్‌బాక్స్‌లో, ఫ్రీబీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్ ఇన్‌స్టాల్ చేశాను. దాని డిస్క్ ఉండే వీడీఐ ఫైలు ఇంటికి తెచ్చుకుని, క్యూకౌ2 ఫార్మాట్‌లోకి మార్చి, లినక్స్ మీద అదే పని చేసే కేవీఎంలో పెట్టాను. సిస్టమ్‌కు గుండెలాంటి కెర్నల్ లోడవుతోంది. చివర్లో "మౌంటింగ్ ఫ్రమ్ యూఎఫ్‌ఎస్:/డెవ్/ఏడీఏ0పీ2 ఫెయిల్డ్ విత్ ఎర్రర్ 19" అని వచ్చి, మౌంట్‌రూట్ ప్రాంప్ట్ దగ్గర ఆగిపోతోంది. ఫైలు పాడైందా?
– బీటెక్ విద్యార్థి, పటమట, విజయవాడ

జవాబు: పాడవలేదు. దయచేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయకండి, మీ పనంతా అందులోనే భద్రంగా ఉంది. ఎర్రర్ 19 అంటే ఆ పేరుతో డివైస్ లేదని అర్థం. కెర్నల్‌ను లోడ్ చేసే లోడర్ డిస్కును బయాస్ ద్వారా చదువుతుంది, దానికి పేరుతో పనిలేదు. కెర్నల్ లేచాక మాత్రం సొంత డ్రైవర్‌తో చూస్తుంది. వర్చువల్‌బాక్స్‌లో డిస్క్ సాటా కంట్రోలర్ మీద ఉంది కాబట్టి ఏడీఏ0 అయింది. కేవీఎంలో అదే డిస్క్, వర్చువల్ మెషీన్ల కోసమే చేసిన వర్ట్‌ఐఓ మీదకు వచ్చి వీటీబీడీ0 అయింది. ఏ డిస్కును ఎక్కడ తగిలించాలో రాసి ఉండే, మీ ఈటీసీ ఫోల్డర్‌లోని ఎఫ్‌స్టాబ్ ఫైలు ఇంకా పాత డోర్ నంబరుకే ఉత్తరం వేస్తోంది.

తొందరగా తేలాలంటే మెషీన్ ఆపి, కేవీఎం సెట్టింగులు మార్చే వర్ట్ మేనేజర్‌లో డిస్క్ బస్‌ను వర్ట్‌ఐఓ నుంచి సాటాకు మార్చండి. పాత పేరు తిరిగొస్తుంది. కానీ వర్ట్‌ఐఓ వేగం వదులుకోవడం దేనికి? పేరునే సరిచేద్దాం. (కమాండ్లన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి.)

మౌంట్‌రూట్ దగ్గర ప్రశ్నార్థకం ఒక్కటి కొట్టి ఎంటర్ నొక్కితే, కెర్నల్‌కు కనిపిస్తున్న డిస్కుల పేర్లు వస్తాయి. వాటిలో వీటీబీడీ0పీ2 ఉంటే "యూఎఫ్‌ఎస్:/డెవ్/వీటీబీడీ0పీ2" అని ఇవ్వండి. బూట్ కొంత దూరం వెళ్లి, డిస్కును తనిఖీ చేసే ఎఫ్‌ఎస్‌సీకే పాత పేరు కోసం వెతికి విఫలమై, మరమ్మతుల కోసం ఉండే సింగిల్ యూజర్ షెల్‌కు దిగుతుంది. కంగారు పడొద్దు, అక్కడికి రావడమే మనకు కావాలి. షెల్ పాత్ అడిగినప్పుడు ఎంటర్ నొక్కండి. అప్పటికి రూట్, అంటే సిస్టమ్ ఫైళ్లుండే ప్రధాన భాగం, చదవడానికే తెరిచి ఉంటుంది. "మౌంట్ -యూ -ఓ ఆర్‌డబ్ల్యూ /" కొట్టకుండా ఎఫ్‌స్టాబ్ తెరిస్తే సేవ్ కాదు, చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. తర్వాత "ఈఈ" ఎడిటర్‌లో ఎఫ్‌స్టాబ్ తెరిచి ఏడీఏ0 ఉన్న ప్రతిచోటా వీటీబీడీ0 చేయండి. స్వాప్ లైను మరిచిపోకండి. రీబూట్ చేస్తే లాగిన్ వస్తుంది.

ఇలా మెషీన్లు మారుస్తూ ఉండేవాళ్లకు డిస్క్ భాగానికి లేబుల్, అంటే సొంత పేరు, పెట్టుకోవడం మేలు. "జీపార్ట్ మాడిఫై -ఐ 2 -ఎల్ రూట్‌ఎఫ్‌ఎస్ వీటీబీడీ0" కొట్టి, ఎఫ్‌స్టాబ్‌లో రూట్‌కు "/డెవ్/జీపీటీ/రూట్‌ఎఫ్‌ఎస్" అని రాయండి. ఆ పేరు డిస్క్ మీదే ఉంటుంది, కంట్రోలర్ ఏదైనా మారదు. స్వాప్‌కూ ఇలాగే వేరే లేబుల్ ఇవ్వండి.

ప్రశ్న: వర్చువల్‌బాక్స్ లిస్టులో 32 బిట్ సిస్టమ్‌లే కనిపిస్తున్నాయి. నా విండోస్ లాప్‌టాప్ 64 బిట్‌దే.
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో సీపీయూ చూడండి. వర్చువలైజేషన్ "డిసేబుల్డ్" అని ఉంటే బయాస్‌లోకి వెళ్లి ఆన్ చేయాలి. ఇంటెల్‌లో అది ఇంటెల్ వర్చువలైజేషన్ టెక్నాలజీ, ఏఎండీలో ఎస్‌వీఎం మోడ్. "ఎనేబుల్డ్" అనే ఉండి, మెషీన్ నత్తనడక నడుస్తూ కింద ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తే, వెనుక విండోస్ సొంత వర్చువలైజేషన్ అయిన హైపర్-వీ నడుస్తోందన్నమాట. విండోస్ సెక్యూరిటీలోని మెమరీ ఇంటిగ్రిటీ వల్ల కూడా అది ఆన్ అవుతుంది. అయితే అది భద్రత కోసం పెట్టింది. బ్యాంకు పనులు కూడా ఆ లాప్‌టాప్‌లోనే చేస్తుంటే దాన్ని ఆపకండి, తాబేలును భరించడమే నయం.

ప్రశ్న: ఇన్‌స్టాల్ పూర్తయ్యాక రీబూట్ చేస్తే మళ్లీ ఇన్‌స్టాలరే వస్తోంది.
– మరో పాఠకుడు, గుంటూరు

జవాబు: ఇన్‌స్టాలర్ ఉన్న ఐఎస్‌ఓ ఫైలు ఇంకా వర్చువల్ సీడీ డ్రైవ్‌లోనే ఉంది. మెషీన్ ఆపి, స్టోరేజ్ సెట్టింగుల్లో ఆ ఐఎస్‌ఓను తీసేయండి. తీశాక "నో బూటబుల్ మీడియం" అని వస్తే, ఇన్‌స్టాల్ చేసిన రోజుకూ ఈ రోజుకూ మధ్య సెట్టింగుల్లో ఈఎఫ్‌ఐ (బయాస్‌కు బదులు వాడే బూట్ పద్ధతి) టిక్ మారిందేమో చూడండి. ఈఎఫ్‌ఐలో ఇన్‌స్టాల్ చేసింది ఈఎఫ్‌ఐలోనే లేపాలి.