ఫొటో స్టూడియోలో వెనక ఆకుపచ్చ తెరే ఎందుకు కడతారు?

మనిషి చర్మంలో, జుట్టులో ఆకుపచ్చ దాదాపు ఉండదు కాబట్టి ఆ తెర కడతారు. ఫొటోలో ఆ రంగున్న చోటునల్లా సాఫ్ట్‌వేర్ చెరిపేసి, అక్కడ వేరే దృశ్యం పెడుతుంది.

ఇంకో కారణం కెమెరాలోనే ఉంది. మామూలు డిజిటల్ సెన్సర్‌లో ప్రతి 4 పిక్సెళ్లలో 2 ఆకుపచ్చవి, 1 ఎరుపు, 1 నీలం. అందుకే ఆకుపచ్చ సమాచారం ఎక్కువ స్పష్టంగా వస్తుంది, అంచులు బాగా తెగుతాయి.

తిరుపతిలో ఒక కుటుంబం వెనక శేషాచలం కొండలు వచ్చేలా ఫొటో తీయించుకుంటోందనుకోండి. పాప చిలకపచ్చ పట్టులంగా కట్టుకుంటే, లంగా మాయమై ఆ చోట కొండలే కనిపిస్తాయి. అప్పుడు నీలం తెర వాడాలి. తలనీలాలు ఇచ్చినవాళ్ల ఫొటో ఒకరకంగా సులువు, ఎందుకంటే విడి వెంట్రుకలను వేరుచేయడమే ఈ పనిలో పెద్ద తలనొప్పి. కానీ నున్నటి గుండు మీద తెర రంగు పచ్చగా మెరుస్తుంది. గంధం పూసుకుని ఉంటే ఆ మెరుపు తక్కువ. లేకపోతే మనిషిని తెరకు రెండు మీటర్లు ముందు నిలబెట్టి, తెరకు విడిగా, ముడతల నీడ పడకుండా లైటు వేయాలి.

గుడ్డలోనే ఏదో ప్రత్యేకత ఉందని చాలామంది అనుకుంటారు. అదేం లేదు, మెరవని మామూలు కాటన్ గుడ్డ చాలు. ఫోన్ యాప్‌లు ఏ తెరా లేకుండానే బ్యాక్‌గ్రౌండ్ మారుస్తున్నాయి, నిజమే. జుట్టు అంచుల దగ్గర మాత్రం తరచూ తడబడతాయి.